రోములో చాబీ మనిషి లేడు

“చాబీ ఏడ దాచినవే?”

గట్టయ్య ఈ మాట అడగడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

లక్ష్మీనర్సమ్మ స్టవ్ ముందు నుంచి లేవలేదు. చాయ్ మరుగుతోంది. మరిగి మరిగి సగమైంది. ఇంట్లో మిగిలింది ఒక్క బిందె నీళ్లు. అందులోంచి రెండు గ్లాసులు చాయ్‌కి తీయాల్సి వచ్చిందన్న కోపం ఆమె మొహంలో కనిపిస్తూనే ఉంది.

“గా కాయిదం మీద సంతకం పెట్టు. చాబీ తెచ్చి నీ చేతుల పెడ్త.”

“సంతకం సంగతి నేను చూసుకుంట. చాబీ సర్కారుది. మూడు గంటలకు జమ చెయ్యాలె.”

“సర్కారుదైతే సర్కారునే రమ్మను. ఎతుక్కోమను.”

గోడ మేకుకు చాబీ లేదు. నాలుగున్నర అడుగుల ఇనుప కడ్డీ. పైన అడ్డపిడి, కింద నాలుగు పలకల గుంత. రోడ్డు మీద మూత ఎత్తి, లోపలి వాల్వు మీద దాన్ని దించి తిప్పితే ఒక వీధికి నీళ్లు వస్తాయి, ఇంకో వీధికి ఆగిపోతాయి. ఇరవై ఆరేళ్లుగా అది ఆ మేకుకే వేలాడింది. అందుకే నాంపల్లి స్టేషన్ వెనక ఇంజన్‌గడ్డ బస్తీలో అతన్ని ఎవరూ లైన్‌మన్ అనరు, చాబీ గట్టయ్య అంటారు. ఇప్పుడు ఆ గోడ మీద కడ్డీ ఉన్నంత మేర సున్నం తెల్లగా మిగిలింది.

మంచం మీద కాగితం ఉంది. సెక్షన్ ఆఫీసు వాళ్లే టైపు చేసి పంపారు. గుల్‌మొహర్ టవర్స్‌కు బస్తీ లైను నుంచి ఏ కనెక్షనూ లేదు. అక్కడ వాల్వు లేదు. నాకు తెలిసి ఎన్నడూ లేదు. నా కూతురు ఇచ్చిన పటం వీడియో గేములోంచి తీసిన కల్పన. ఇట్లు, లైన్‌మన్ గట్టయ్య. కింద ఒక గీత, ఆ గీత మీద ఖాళీ.

సోమవారం మూడు గంటలలోపు ఆ ఖాళీ నిండాలి. నిండితే గట్టయ్య మళ్లీ డ్యూటీలోకి. నిండకపోతే సస్పెన్షను. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. ఇవాళే సోమవారం.

విజయ అద్దం ముందు జడ వేసుకుంటోంది. ఇరవై మూడేళ్ల పిల్ల. ఆబిడ్స్‌లో కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది. తల్లి చూపు వీపు మీద పడుతోందని ఆమెకు తెలుసు.

“తండ్రి నోట్లకెళ్లి మాట గుంజి, అచ్చుగుద్దించి పెద్దాఫీసుల ఇచ్చొచ్చినవు. గిప్పుడు నిమ్మలంగ జడేస్కుంటున్నవా?”

“జడేస్కోకుంట గుండు గీయించుకోవాల్నా?”

“నోరు! గా నోరే కొంప ముంచింది.”

“కొంప ముంచుదామన్నా నీళ్లేడున్నయమ్మా? మూడు రోజులాయె.”

లక్ష్మీనర్సమ్మ గరిటె విసిరింది. అది గోడకు తగిలి, చాబీ ఉండాల్సిన చోట చాయ్ మరక చేసి కిందపడింది.

అసలు తప్పు ఎవరిది? గట్టయ్యదే. అదీ తప్పు లాంటి తప్పు కాదు. పోయిన నెల కూతురు మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఆబిడ్స్ వెళ్లాడు. విజయ తెర మీద పట్టణం కట్టుకుంటోంది. రోమ్ కాలం నాటి ఆట. మైదానంలో రోడ్లు వేయాలి, గుడిసెలు వేయాలి, నీళ్లు తేవాలి, అంగడి పెట్టాలి. అందరిలాగా రోమ్ కట్టకుండా ఆ పిల్ల నాంపల్లిని కట్టింది. స్టేషన్ నుంచి పోస్టాఫీసు దాకా రోడ్డు, మొజంజాహీ మార్కెట్ మూల, ఆ వెనక ఇంజన్‌గడ్డ. ఒక మీట నొక్కితే ఇళ్లన్నీ మాయమై నీళ్ల దారి మాత్రం నీలంగా కనిపిస్తుంది. నొక్కి చూపించింది.

తండ్రి మెచ్చుకుంటాడనుకుంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“తప్పు. గా పైపు గాడ మలగదు. సున్నం దుకాణం దాటినంక నలభై అడుగులు పోయి, కరెంటు స్తంభం కాడ కుడిదిక్కు మలుగుతది. నేనే కలిపిన.”

అంతే. ఆ ఒక్క మాట. దొంగపని చేసినవాడు దాచుకుంటాడు. పనిమంతుడు దాచుకోలేడు. పైపు తప్పుగా వేస్తే, అది ఆటలోనైనా సరే, గట్టయ్య కళ్లు ఓర్చుకోలేదు. ఆ కనెక్షను ఏ ఆఫీసు మ్యాపులోనూ లేదు. రెండేళ్ల కింద దసరా సెలవు నాడు నోటిమాట ఆర్డరు మీద అతనితో కలిపించారు. బస్తీకి రావాల్సిన నీళ్లు అప్పటి నుంచి గుల్‌మొహర్ టవర్స్ ట్యాంకు ఎక్కుతున్నాయి. విజయ ఆ మలుపు సరిచేసి, కాగితం మీద ప్రింటు తీసి, బస్తీ ఆడవాళ్ల అర్జీకి పిన్నుతో గుచ్చి పెద్దాఫీసులో ఇచ్చింది. అర్జీ మీద విచారణ రాలేదు. బస్తీ నల్లా బందయింది. గట్టయ్యను డ్యూటీ నుంచి పక్కన పెట్టారు.

“ఒక్కటి చెప్పు బిడ్డా,” అన్నాడు గట్టయ్య. గొంతు పెంచలేదు. “ఇచ్చే ముందు నన్నడిగినవా?”

విజయ చేతిలో జడ ఆగింది.

“అడిగితే ఇయ్యనిస్తుంటివా నాయినా?”

ఆయన మంచం మీది కాగితం వైపు చూశాడు. ఆమె జడ చివర ముడి వేసింది.

గుమ్మంలో ఖాళీ బిందె చప్పుడైంది. పోశవ్వ. బస్తీలో అందరికంటే పెద్దది. గుల్‌మొహర్ టవర్స్‌లో నాలుగిళ్లలో గిన్నెలు తోముతుంది.

“ఏం గట్టన్నా, సంతకం గొట్టినవా?”

“నీకెందుకవ్వా పొద్దుగాలనే?” లక్ష్మీనర్సమ్మ లేచింది.

“నాకెందుకంటే, మా నల్లా నీళ్లతోటి ఆళ్ల గిన్నెలు తోమి వస్తున్న. చెయ్యి పెట్టంగనే గుర్తుపట్టిన. మన తుప్పు వాసనే.” పోశవ్వ నవ్వింది. “మన నీళ్లు మూడంతస్తులెక్కినయి, మనమే గీడున్నం.”

“మా ఇంటాయన నౌకరి పోతె నువ్వు బెడ్తవా బువ్వ?”

“నా కాడుంటె పెట్టనా? మొన్న నీకు జ్వరమొస్తె ఎవరు వెట్టిన్రు?”

లక్ష్మీనర్సమ్మ వంగి కిందపడ్డ గరిటె తీసుకుంది. పోశవ్వ బిందెను చంకకెత్తుకుని పోయింది.

“చూసినవా? గీళ్ల కోసం నువ్వు రోడ్డున పడతవా?” లక్ష్మీనర్సమ్మ భర్త వైపు తిరిగింది. కళ్లు ఎర్రబడ్డాయి. “మోరీల దిగి, బురదల పండి, ఇరవై ఆరేండ్లు చేసినవు. ఇంకో నాలుగేండ్లు నోరు మూస్కోరాదు? సచ్చేదాంక పింఛనొస్తది. నేనేమన్న మేడలడుగుతున్ననా?”

గట్టయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

విజయ వెనకే వాకిట్లోకి వచ్చింది. తీగ మీద తల్లి పచ్చచీర ఆరేసి ఉంది, నిలువునా, కుచ్చిళ్లు పోసినట్టు. ఏదో అనిపించింది ఆమెకు. ఏమిటో అందలేదు. బస్సు టైమయింది.

*

ఆబిడ్స్ సెంటర్లో చెప్పులు బయట విడవాలి. లోపల నాలుగు కంప్యూటర్లు, ఒక కూలరు, గోడకు మెదక్ చర్చి క్యాలెండరు. సెంటర్ నడిపే జిప్పోరా ఒకప్పుడు ఇదే గదిలో టైపు నేర్పేది. మిషన్లు మారాయి, ఆవిడ గొంతు మారలేదు. విజయ అడుగు పెట్టగానే మొదలుపెట్టింది.

“మీ నాన్న ఆఫీసు నుంచి మనిషొచ్చిండు. ఆ ఆట తుడిచెయ్యాలంట. నీ కొలువు కూడా తీసెయ్యాలంట.”

“మీరేమన్నరు మేడం?”

“ఫీజు కట్టి కూసో, మూడు నెలల్ల నేర్పుత, నువ్వే తుడుచుకో అన్న.”

విజయ నవ్వలేకపోయింది. “మీకు భయం గాలేదా?”

“ఎందుకు గాదు? అయింది. భయపడుకుంటనే చెప్పిన.” జిప్పోరా గొంతు తగ్గించింది. “నువ్వు కట్టిన ఊరు మొత్తం ఫ్లాపీల ఎక్కించి బైబిల్ల పెట్టిన. ఆళ్లు ఎతుకుదామని బైబిలు తెరిచిన్రనుకో, ఆళ్లకే మంచిది.”

పదకొండు దాటాక గుమ్మంలో నీడ పడింది. గట్టయ్య. చెప్పులు విప్పి, వాటిని గోడకు ఆనించి, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు. ఆసుపత్రికి వచ్చిన మనిషిలాగా.

“రా అన్నా, కూసో,” అంది జిప్పోరా. ఆవిడ పని ఉన్నట్టు అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

ఆయన కూర్చున్నాడు. తెర వైపు గడ్డం చూపించాడు.

“గా ఊరు తియ్యి. జర చూస్త.”

విజయ తీసింది. తండ్రి తిడతాడనుకుని సిద్ధంగా వచ్చింది. ఆయన తిట్టకపోవడమే కష్టంగా ఉంది.

“గీండ్ల నల్లా బంద్ చేస్తే ఏమైతది?”

ఆమె బస్తీ మధ్య ఉన్న నీటి తొట్టి తీసేసింది. ఇద్దరూ చూశారు. మొదట ఏమీ కాలేదు. తరువాత ఒక్కొక్క ఇల్లు చిన్నదైంది. పెంకుటిల్లు గుడిసె అయింది, గుడిసె డేరా అయింది. డేరాల్లోంచి మనుషులు మూటలెత్తుకుని ఊరి చివరికి నడిచారు.

“ఏడికి పోతున్రు?”

“ఊరిడిసి పోతున్రు.”

“టవర్సోళ్లు?”

“గా పక్క చూడు. బంగళాలు. ఆళ్లకు ఫికరేం లేదు. బంగళా అయినంక లోపలోళ్లు పని చెయ్యరు నాయినా. ఒక్కరు గూడ చెయ్యరు. ఆట చేసినోళ్లే గట్ల పెట్టిన్రు. గుడిసెలోళ్లు పోయిన్రంటే అంగడి బంద్, పొలం బంద్. ఎక్కడన్న అగ్గంటుకుంటే ఆర్పేటోడుండడు. గదిగో.”

తెర మీద బంగళా ఒకటి మండుతోంది. ఆర్పడానికి ఎవరూ రాలేదు. గట్టయ్య వారం రోజుల్లో మొదటిసారి నవ్వాడు. పెద్ద నవ్వు కాదు, ముక్కులోంచి వచ్చిన గాలి.

“దొరలు గాల్తున్రు.”

“పోశవ్వకు చూపియ్యాలె ఇది.”

“పోశవ్వకు చూపిస్తే నిజంగ పోయి అంటువెడ్తది.”

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆయన ముందుకు వంగాడు. తెర మీద బొమ్మ మనుషులు రోడ్ల మీద తిరుగుతున్నారు. వేలు పెట్టి ఒక్కొక్కరినీ అడిగాడు.

“వీడెవడు?”

“పన్నులు వసూలు చేసేటోడు.”

“వీడు?”

“నిప్పులార్పేటోడు. పక్కన పోయేటోడు ఇంజనీరు, గోడలు కూలకుంట చూస్తడు. గాయన పూజారి. గాయన మంగలి.”

“మంగలి గూడున్నడా! మంచిగనే ఉంది. గీడెవడు, జంతువును పట్టుకపోతున్నడు?”

“సింహాలను ఆడిపిచ్చేటోడు.”

“వాల్వు తిప్పేటోడు ఏడున్నడు?”

విజయ చెయ్యి ఆగింది. ఆమెకు తెలుసు. అయినా వెతికినట్టు తెర మొత్తం తిప్పింది. కొండ మీది చెరువు, రాతి కాలువలు, తొట్లు. అన్నీ ఉన్నాయి.

“లేడు నాయినా. గీ ఆటల నీళ్లు ఊకెనే వస్తయి. కాలువ కడితే చాలు.”

“ఊకెనే వస్తయా?”

“ఊకెనే.”

గట్టయ్య వెనక్కి ఆనుకున్నాడు. అరచేతులు చూసుకున్నాడు. రెండు చేతుల్లోనూ పిడి పట్టిన చోట కాయలు, నల్లగా, ముద్రలాగా.

“సింహాలను ఆడిపిచ్చేటోడున్నడు. నేను లేనా?”

విజయ మౌసు మీంచి చెయ్యి తీసింది.

“ఆటోళ్లను అనుకునుడెందుకు? ఆఫీసోళ్లు గూడ గదే రాయమంటున్రు. వాల్వు లేదు, తిప్పినోడు లేడు, నీళ్లు ఊకెనే పోతున్నయని.” జేబులోంచి కాగితం తీసి మడత విప్పాడు, మళ్లీ మడిచాడు. “ఒక్కొక్క వాల్వుకు ఒక్కొక్క లెక్క బిడ్డా. పోస్టాఫీసు వెనకదానికి తొమ్మిది చుట్లు. మార్కెట్ మూలదానికి ఇరవై ఒకటి. ఒక్కటి తక్కువైతే నీళ్లు కారిపోతయి. ఒక్కటి ఎక్కువైతే వాల్వు తిప్పే పాత ఇనుప కాడ లోపల్నే ఇరుగుతది, ఇగ నెల రోజులు ఎవ్వనికి నీళ్లుండయి. గీ లెక్కలు ఏ రిజిస్టర్ల లెవ్వు. ఇంజనీర్లకు తెల్వదు. నేనొక్కన్నే.”

“స్తంభం కాడిదానికి ఎన్ని?”

ఆయన కూతురి మొహం చూశాడు. ఒకసారి పనిపొగరుతో నోరు జారిన మనిషి. రెండోసారి జారలేదు.

“గది చెప్తే కలిపింది నేనేనని సంతకం పెట్టినట్టే, ఉల్టా దిక్కు,” అని లేచి చెప్పులేసుకున్నాడు.

*

సెక్షన్ ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి లేదు. ఇంజనీరు ఇంద్రసేన టేబుల్ మీద విజయ పటం పరిచి, నాలుగు మూలలా నాలుగు పేపరు వెయిట్లు పెట్టాడు. పటం ఇచ్చిన మనిషని ఆమెనూ రమ్మన్నారు. తండ్రీ కూతురూ నిలబడే ఉన్నారు. కుర్చీలు ఉన్నాయి, కూర్చోమనలేదు.

“ఇదేందమ్మా?”

“పోస్టాఫీసు సార్.”

“గుడి లెక్కుంది.”

“ఆటల పోస్టాఫీసు లేదు సార్. ఉన్నదాంట్ల సర్దుకున్న.”

“ఈ ధాన్యం గోదాము?”

“నాంపల్లి స్టేషన్. రైళ్లు పుట్టకముందు కాలం సార్ అది.”

“ఈ సింహం బొమ్మ ఏంది?”

“సింహాలను పెంచే జాగ. మీ ఆఫీసు పక్కకు ఖాళీ ఉంటే పెట్టిన.”

అటెండరు దగ్గాడు. ఇంద్రసేన అతని వైపు చూడగానే దగ్గు ఆగిపోయింది.

“నవ్వులాటగా ఉందా? గుడి, గోదాము, సింహం. ఇది పట్టుకొని గవర్నమెంటును నిలదీస్తవా? ఇందుల ఒక్కటన్న నిజముందా?”

“నీలం గీత ఉంది సార్. అదొక్కటి ఉన్నదున్నట్టు.”

“మా మ్యాపుల లేదు.”

“అందుకే అర్జీ పెట్టినం.”

ఇంద్రసేన ఆమెను వదిలేశాడు. ఇలాంటి వాళ్లకు ఎవరిని వంచవచ్చో తెలుసు. పెన్ను మూత తీసి గట్టయ్య ముందు పెట్టాడు. గొంతు మార్చాడు, పెళ్లిలో పలకరించినట్టు.

“గట్టయ్యా, పాత మనిషివి. నీమీద నాకేం కోపం లేదు. పిల్ల చిన్నతనం, చేసింది. సంతకం పెట్టు. రేపటి నుంచి డ్యూటీ. బస్తీ నల్లా సంగతి కూడా చూద్దాం.”

“చూద్దాం అంటే ఎన్నడు సార్?”

“చూద్దాం అంటే చూద్దాం.”

గట్టయ్య పెన్ను తీసుకున్నాడు. విజయ గోడ వైపు తిరిగింది. ఆయన కాగితాన్ని పైనుంచి కింద దాకా చదివాడు, పెదవులు కదుపుతూ, వేలు కింద పెట్టి. ఆరో తరగతి చదువు. తొందరపడలేదు.

“సార్, గిండ్ల ఒక తప్పుంది.”

“ఏం తప్పు?”

“వాల్వు సంగతి నాకు తెల్వదని పైన రాసిన్రు. కింద లైన్‌మన్ గట్టయ్య అని రాసిన్రు. లైన్‌మన్‌నైతే నాకు తెలుస్తది. తెల్వదంటే నేను లైన్‌మన్‌ను గాను. రెండిట్ల ఏదో ఒకటి కొట్టెయ్యిరి. అప్పుడు పెడ్త.”

పెన్ను మూత పెట్టి టేబుల్ మీద ఉంచాడు.

ఇంద్రసేన లేచాడు. ఏమనబోయాడో తెలియదు. అంతలో బయటి నుంచి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

“సార్, టవర్స్ కాడ రోడ్డు తవ్వుతున్రు! ఆడోళ్లు! గడ్డపారలతోని!”

*

మే నెల ఎండకు తారు మెత్తబడి ఉంది. తవ్వడం కష్టం కాలేదు. ఇంద్రసేన, తండ్రీ కూతురూ జీపులో వచ్చేసరికి కరెంటు స్తంభం కింద మూరెడు గుంట అయింది. పోశవ్వ గడ్డపార మీద ఆనుకుని నిలబడింది. చుట్టూ ఇరవై మంది ఆడవాళ్లు, ఇరవై ఖాళీ బిందెలు. ఒకామె చేతిలో విజయ పటానిది ఇంకో ప్రతి ఉంది, చెమటకు సిరా కారుతోంది.

గుంటలో ఇనుప మూత. ఎండలో మెరవలేదు, తారు అంటుకుని నల్లగా ఉంది. మూత పక్కకు నెట్టారు. లోపల వాల్వు, నిలువుగా దాని ఇనుప కాడ.

“లేదన్నరు గద సార్?” పోశవ్వ అడిగింది. “మరి గిదేంది? సింహమా?”

ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. ఇంద్రసేన గుంటలోకి వంగి చూశాడు. ఒక్క క్షణం మొహం వాడింది. వెంటనే సర్దుకుంది.

“పాతది. ఎప్పుడో ఎండిపోయిన లైను. మూత ఉన్నంత మాత్రాన నీళ్లున్నట్టా?”

“తిప్పితే తెలుస్తది,” అంది విజయ. “గిది బంద్ చేస్తే టవర్స్‌కు నీళ్లాగుతయి. మా నల్లాకొస్తయి. రాకుంటే అర్జీ నేనే చింపేస్త.”

“తిప్పండి మరి. చాబీ ఏది?” ఇంద్రసేన చుట్టూ చూశాడు. ఎవరి దగ్గరా లేదు. అతని పెదవి కొంచెం వంగింది. “ఒక్క మాట. డ్యూటీల లేని మనిషి సర్కారు వాల్వు మీద చెయ్యి వేసిండా, ఉద్యోగం ఇక్కడే, ఈ నిమిషమే ఖతం. గట్టయ్యా, వింటున్నవా?”

గట్టయ్య విన్నాడు. చేతులు వెనక కట్టుకున్నాడు.

బస్తీ వైపు నుంచి లక్ష్మీనర్సమ్మ వస్తోంది. ఒక చేతిలో ఖాళీ బిందె. భుజం మీద పొడుగ్గా ఏదో, పచ్చచీర చుట్టి ఉంది. విజయకు పొద్దుట అందని సంగతి ఇప్పుడు అందింది. మూడు రోజులుగా ఇంట్లో తాగడానికే నీళ్లు చాలడం లేదు. ఉతికి ఆరేసిన చీర ఎక్కడిది? అందరి కళ్ల ముందే, తీగ మీద, చీర మడతలో దాచింది!

లక్ష్మీనర్సమ్మ గుంట దగ్గర ఆగింది. ఆయాసపడుతోంది. భర్త వైపు చూడలేదు, కూతురి వైపు చూడలేదు. పోశవ్వతో చెప్పింది.

“టవర్స్ గేటు కాడికి నేను పోయిన అవ్వా. ఒక్క బిందె అడిగిన. గేటు కాడోడు నీళ్లు లెవ్వన్నడు. ఆని చేతుల పైపుంది. గడ్డికి కొడుతున్నడు. గడ్డికవ్వా! ఇంటికురికి గిది తెచ్చిన.”

బిందె కింద పెట్టింది. చీర విప్పింది. చాబీ బయటపడింది.

“ఇటియ్యమ్మా,” ఇంద్రసేన చెయ్యి చాచాడు. “అది సర్కారు సొత్తు. ఇచ్చెయ్యి, నీ భర్త ఉద్యోగం నిలబడుతది.”

“నేను గూడ గదే అనుకున్న సార్ పొద్దుగాల దాంక.”

ఆమె చాబీని గుంటలోకి దించింది. చాబీ కింది గుంత వాల్వు కాడ మీద కూర్చోలేదు. కొంచెం తిప్పి, మళ్లీ దించింది. టక్కున కూర్చుంది. భర్త చేస్తుంటే వేలసార్లు చూసింది.

“ఏయ్! కేసు పెడతా! సస్పెండ్...”

“ఎవరిని జేస్తవ్?” లక్ష్మీనర్సమ్మ తలెత్తింది. “ఆయన చెయ్యెయ్యలే, చూస్కో. నన్ను సస్పెండ్ చేస్తవా? చెయ్యి. ఇరవై ఆరేండ్లు ఆయన లాగులకంటిన మీ మోరీల బురద పిండిన. ఒక్కనాడన్న మీ ఆఫీసు నాకు జీతమిచ్చిందా? నన్ను నౌకర్ల పెట్టుకోనోడివి నౌకర్లకెల్లి ఎట్ల తీస్తవ్?”

ఎవరూ నవ్వలేదు. ఆమె కొంగు నడుముకు దోపి పిడి పట్టుకుంది. విజయ అటువైపు పిడి పట్టుకోబోయింది.

“నువ్ జరుగు. నీ మ్యాపు పని అయిపోయింది.”

మొదటి చుట్టు కష్టంగా తిరిగింది. ఇనుము కీచుమంది. రెండోది కొంచెం తేలిక. ఆడవాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే. మూడు. నాలుగు. ఐదు. చాబీ కింద భూమిలో నీళ్ల చప్పుడు సన్నబడుతోంది. ఎండిపోయిన లైనుకు చప్పుడుండదు. అది ఇంద్రసేనకూ వినిపించింది. ఆరు. ఏడు. టవర్స్ గేటులో గడ్డి మీద పైపు పట్టుకున్న మనిషి పైపును మొహం దగ్గరికి తెచ్చుకుని చూసుకుంటున్నాడు. ధార సగానికి పడిపోయింది. ఎనిమిది. తొమ్మిది. పది.

పది దగ్గర పిడి బిగిసింది.

లక్ష్మీనర్సమ్మ ఆగింది. ఇంకా తిప్పాలా, చాలా? ఒక్కటి తక్కువైతే నీళ్లు ఇటే కారిపోతాయి. ఒక్కటి ఎక్కువైతే కాడ విరిగిపోతుంది, నెల రోజులు ఎవరికీ చుక్క ఉండదు. భర్త చెబితే ఆ సంగతి వినీ వినీ ఉంది. కాని ఈ వాల్వు లెక్క ఆమెకు తెలియదు. విజయకు తెలియదు. ఆటలో లేదు, రిజిస్టరులో లేదు.

“ఎన్ని?” అడిగింది. గుంటలోకి చూస్తూనే అడిగింది.

ఆడవాళ్లు గట్టయ్య వైపు తిరిగారు.

ఇంద్రసేనకు ముందు అర్థమైంది. నెమ్మదిగా నవ్వాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు.

“ఆయనకెట్ల తెలుస్తదమ్మా? అక్కడ వాల్వు ఉన్నట్టు ఆఫీసుకే తెల్వదు. కలిపినోడికే తెలియాలె ఎన్ని చుట్లో. కాదా గట్టయ్యా? చెప్పు, రాసుకుంట. ఇంతమంది సాక్ష్యం.”

విజయ తండ్రి వైపు చూసింది. ఈసారి ఆయన నోట్లోంచి మాట గుంజడానికి ఆమె దగ్గర ఆట లేదు. వద్దని చెప్పాలో, చెప్పమని చెప్పాలో తెలియలేదు.

గట్టయ్య వెనక కట్టుకున్న చేతులు విప్పాడు. జేబులోంచి టైపు కాగితం తీశాడు. గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుని దాన్ని మోకాలి కింద పరుచుకున్నాడు. తారు కాలుతోంది మరి. పిడిని ముట్టుకోలేదు. చెవి మాత్రం దానికి ఆనించాడు. కళ్లు మూసుకుని విన్నాడు.

“పదమూడు,” అన్నాడు.

కళ్లు తెరిచి భార్యను చూశాడు.

“ఇంకా మూడున్నయి. ఆఖరిది మెల్లగ తిప్పు నర్సమ్మా. వాడిన పాత కాడనే ఏసిన.”

ఇంద్రసేన పెన్ను మూత తీశాడు. లక్ష్మీనర్సమ్మ పదకొండో చుట్టు మొదలుపెట్టింది.